థర్మోస్టాట్ మీద ఫ్యాన్‌ను ‘ఆటో’లో ఉంచాలా, ‘ఆన్’లో ఉంచాలా? విశాఖ ఉక్కపోతకు ఏది తగినది?

ప్రశ్న (మధురవాడ నుంచి)

అందరికీ నమస్కారం. మాది మధురవాడలో రెండంతస్తుల ఇల్లు. రెండేళ్ళ క్రితం ఇల్లు కట్టుకున్నప్పుడు గదికొక ఏసీ పెట్టే బదులు ఇల్లంతటికీ కలిపి డక్టుల ఏసీ బిగించుకున్నాము. మూడు టన్నుల యంత్రం. కింద హాల్లో, మెట్ల పక్క గోడకు థర్మోస్టాట్ ఉంది. దాని మీద ఎన్ని డిగ్రీలు కావాలో పెట్టుకోవడం కాక, డక్టుల్లోకి గాలిని తోసే ఏసీ ఫ్యాన్‌కు విడిగా ‘ఆటో’, ‘ఆన్’ అని రెండు మీటలు ఉన్నాయి. బిగించిన మనిషి వెళ్ళేటప్పుడు ‘ఫ్యాన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండమ్మా, గాలి ఇల్లంతా సమానంగా తిరుగుతుంది’ అని చెప్పాడు. ఇన్నాళ్ళూ అలాగే ఉంచాము.

నాకు అంతుపట్టని సంగతి ఏమిటంటే, రోహిణి కార్తెలో ఎండ మాడ్చేస్తున్నప్పుడు ఈ ఏసీ మాకు ఏ లోటూ చేయలేదు. వానలు మొదలై బయట ఎండ తగ్గాకే ఇబ్బంది వచ్చింది. థర్మోస్టాట్ 25 చూపిస్తుంది, గది చల్లగానే ఉంటుంది, కానీ ఒళ్ళంతా జిగటగా ఉంటుంది. మా అత్తయ్యగారు రాత్రి రెండుసార్లు లేచి మెడ తుడుచుకుంటారు. డబ్బాలో పెట్టిన అప్పడాలు రెండో రోజుకే మెత్తబడుతున్నాయి. బీరువా కింది అరలో ఉన్న పట్టుచీర మడత విప్పితే అంచు పొడవునా తెల్లటి బూజు చుక్కలు కనిపించాయి. అప్పుడప్పుడు గాలి వచ్చే గ్రిల్లు దగ్గర తడి గుడ్డ వాసన కూడా వస్తోంది. ఎండ తగ్గిన నెలల్లో కరెంటు బిల్లు కూడా తగ్గాలి కదా, అదీ అనుకున్నంత తగ్గలేదు.

అమెరికాలో మిషిగన్‌లో ఉండే మా మరిదిని అడిగితే, వాళ్ళ ఇంట్లో ఫ్యాన్ చలికాలమంతా ‘ఆన్’లోనే ఉంటుందని, దాని వల్ల ఏ ఇబ్బందీ లేదని, లోపం వేరే ఎక్కడో ఉండి ఉంటుందని అన్నాడు. మరమ్మతుకు వచ్చిన మనిషి గ్యాస్ సరిపోయే ఉందని చూసి చెప్పాడు. ఈ ఫ్యాన్ మీటకూ మా ఇంటి తేమకూ సంబంధం ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం (పెదవాల్తేరు నుంచి)

మా ఇంట్లోనూ డక్టుల ఏసీయేనండి. మీకు ‘ఆన్’ అని చెప్పిన మనిషి పూర్తిగా తప్పు చెప్పలేదు. మా పై అంతస్తు పడకగది మధ్యాహ్నం కింది హాలు కంటే మూడు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండేది. ఫ్యాన్ ఆన్‌లో ఉంచితే ఆ తేడా ఒక డిగ్రీకి దిగింది. కానీ రాత్రిళ్ళు మాకూ ఆ జిగట తెలుస్తూనే ఉండేది. సముద్రం దగ్గర కనుక అంతే అనుకుని సరిపెట్టుకున్నాము. కారణం ఎవరైనా చెబితే నేను కూడా తెలుసుకుంటాను.

సమాధానం (గాజువాక నుంచి, విశ్రాంత శీతలీకరణ ఇంజనీరు)

అమ్మా, సంబంధం ఉంది, అదీ సూటి సంబంధం. ముప్పై ఏళ్ళకు పైగా శీతలీకరణ యంత్రాల నిర్వహణలో పనిచేశాను కనుక కొంచెం విడమరిచి రాస్తాను, ఓపికగా చదవండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసును బల్ల మీద పెడితే దాని చుట్టూ నీటి బొట్లు పట్టడం రోజూ చూస్తూనే ఉంటారు. మీ ఏసీ లోపల గాలిని చల్లబరచే గొట్టాలూ పలుచటి రేకులూ ఉండే భాగాన్ని కాయిల్ అంటారు, దాని మీద జరిగేదీ అదే. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు ఆ కాయిల్ సుమారు పది డిగ్రీల చల్లదనంలో ఉంటుంది. శ్రావణ భాద్రపదాల్లో మన ఊరి గాలిలో తేమ ఎంత ఉంటుందంటే, ఇరవై అయిదు డిగ్రీల దగ్గర ఉన్న వస్తువు తగిలినా చాలు, నీరు పడుతుంది. అందుకని గదిలోని గాలి కాయిల్‌ను తాకినప్పుడల్లా నీరు వదిలి పోతుంది. ఆ నీరు రేకుల మీది నుంచి కింది తొట్టెలోకి, అక్కడి నుంచి డ్రెయిన్ పైపు ద్వారా బయటికి పోవాలి. అలా పోయినప్పుడే ఇల్లు ఆరుతుంది.

ఇక్కడే గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. కంప్రెసర్ ఆగిన క్షణాన ఆ నీరంతా పైపులోకి పోయి ఉండదు. మీ మూడు టన్నుల యంత్రం వంటి దానిలో రేకుల సందుల్లోనూ తొట్టెలోనూ కలిపి అర లీటరు నుంచి లీటరు దాకా నీరు నిలిచి ఉంటుంది. ఫ్యాన్ ‘ఆటో’లో ఉంటే కంప్రెసర్‌తో పాటే ఆగుతుంది కనుక ఆ నీరు మెల్లగా కిందికి జారుతుంది. ‘ఆన్’లో ఉంటే మాత్రం ఆగకుండా వీచే గాలి ఆ తడి రేకుల మీదుగానే పోతుంది. తడి బట్టల మీద ఫ్యాను వేసినట్టే అనుకోండి. ఆరిన నీరంతా తిరిగి మీ గదుల్లోకే వస్తుంది. అలా ఆరేటప్పుడు ఆ గాలి కొంత చల్లబడుతుంది కూడా, అందుకే థర్మోస్టాట్‌కు ఏ తేడా తెలియదు. అది డిగ్రీలనే చూస్తుంది, తేమను చూడదు. గది చల్లగా ఉన్నా ఒళ్ళు ఆరకపోవడానికి కారణం ఇదే.

మే నెలలో లేని బాధ ఆగస్టులో ఎందుకు వచ్చిందన్నది మీ ప్రశ్నలో అన్నిటికంటే విలువైన మాట. మే మధ్యాహ్నం ఇంటి వేడి ఎక్కువగా ఉండటం వల్ల కంప్రెసర్ ఇంచుమించు ఆగకుండా నడుస్తుంది. కాయిల్ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, నీరు ధారగా పోతూనే ఉంటుంది, తిరిగి ఆరే అవకాశమే రాదు. వానాకాలం రాత్రి బయట ఇరవై ఏడు ఇరవై ఎనిమిది డిగ్రీలే ఉంటుంది. మూడు టన్నుల యంత్రం పది నిమిషాల్లో మీ 25 డిగ్రీలను అందుకుని ఆగిపోతుంది. కాయిల్ రేకులు పూర్తిగా తడిసి, మొదటి చుక్క పైపులోకి దిగడానికే ఇంచుమించు అంత సేపు పడుతుంది. అంటే నీరు పట్టే పని ముగిసి, పారే పని మొదలయ్యే వేళకు కంప్రెసర్ ఆగిపోతోంది, ఆ తరువాత ఇరవై నిమిషాలు ఫ్యాన్ ఆ నీటినే మళ్ళీ ఇంట్లోకి ఊదుతోంది. రాత్రంతా ఇదే తంతు నడుస్తుంది. ఎండ తక్కువగానూ తేమ ఎక్కువగానూ ఉండే రోజుల్లోనే ఈ మీట కీడు చేస్తుంది, మన కోస్తాలో అటువంటి నెలలే ఎక్కువ.

బిల్లు సంగతి కూడా చెబుతాను. ఒక లీటరు నీరు ఆవిరై మళ్ళీ కాయిల్ మీద నీరుగా మారాలంటే యంత్రం సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని, అంటే ఒక కరెంటు యూనిట్‌లో మూడింట రెండు వంతులకు సమానమైన వేడిని, మోసి బయట పడేయాలి. దానికి తోడు బ్లోయర్ మోటారు, అంటే ఆ ఫ్యాన్‌ను తిప్పే మోటారు, ఖర్చు ఉంది. దాని మీద అతికించిన పట్టీ చూడండి. 300 వాట్లనుకుంటే, రోజంతా తిరిగితే 7.2 యూనిట్లు, నెలకు 216 యూనిట్లు అవుతాయి. శ్లాబులు పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే మన బిల్లుల్లో ఈ 216 పై శ్లాబులోనే పడతాయి. పైగా ఆ మోటారు వేడి కూడా మీ ఇంటి గాలిలోనే కలుస్తుంది.

ఏసీ పని చల్లబరచడమేనని అందరూ అనుకుంటారు. 1902లో విల్లిస్ క్యారియర్ మొదటి యంత్రానికి రూపకల్పన చేసింది బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో కాగితం తేమకు సాగి రంగులు పక్కకు జరిగిపోకుండా ఉండటానికి. తేమను పట్టడానికే ఈ యంత్రం పుట్టింది. మన ఊళ్ళో దాని చేత ఆ మొదటి పని చేయించుకోవడం మానేస్తే దాన్ని పెట్టుకుని ప్రయోజనం సగమే.

నా మాట నమ్మవద్దు, మీరే కొలిచి చూడండి. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి తెచ్చి అత్తయ్యగారి గదిలో పెట్టండి. డ్రెయిన్ పైపు కింద ఒక బకెట్టు పెట్టండి. రెండు రాత్రులు ‘ఆన్’లోనూ రెండు రాత్రులు ‘ఆటో’లోనూ, అవే డిగ్రీలు, అవే గంటలు నడిపి ఎంత నీరు వచ్చిందో రాసుకోండి. కిటికీలు నాలుగు రాత్రులూ మూసే ఉండాలి.

సమాధానం (సీతమ్మధార నుంచి)

మీ మరిది గారి మాట గురించి నేను కొంచెం చెప్పగలను. న్యూజెర్సీలో పదకొండేళ్ళు ఉండి తిరిగివచ్చాము. ఆయన చెప్పింది వాళ్ళ చలికాలానికి సంబంధించినది, అక్కడ అది తప్పు కాదు.

అక్కడి ఇళ్ళలో అవే డక్టుల్లోంచి వేసవిలో చల్లగాలి, చలికాలంలో వేడిగాలి వస్తాయి, థర్మోస్టాట్ కూడా ఒకటే. ఇంటిని వేడి చేసేది గ్యాస్ ఫర్నేస్ (గ్యాస్ కొలిమి) అయితే ముందు మంట వెలుగుతుంది, లోపలి రేకులు వేడెక్కేదాకా ఫ్యాన్ అర నిమిషమో నిమిషమో ఆగి తిరగడం మొదలెడుతుంది. మంట ఆరిన తరువాత కూడా మిగిలిన వేడిని ఇంట్లోకి పంపడానికి మరో ఒకటి రెండు నిమిషాలు తిరిగి ఆగుతుంది. ‘ఆటో’లో ఈ వరుస దానంతట అదే నడుస్తుంది. ‘ఆన్’లో పెడితే మంట లేని వేళ కూడా గాలి వీస్తుంది. ఆ గాలి గది వేడిలోనే ఉన్నా, ఒంటికి తగిలితే చలిగానే అనిపిస్తుంది. మా అమ్మగారు వచ్చినప్పుడు సోఫా పక్క గ్రిల్లు దగ్గర కూర్చోలేక శాలువా కప్పుకుని వంటగదిలోకి వెళ్ళిపోయేవారు. ఆ ఇబ్బంది ఉన్నా కొందరు ‘ఆన్’లో పెట్టడానికి కారణాలున్నాయి. చలికాలంలో అక్కడి ఇళ్ళలో గాలి ఎండిపోయి పెదవులు పగులుతాయి, ఫర్నేస్‌కు తగిలించిన, గాలికి తేమ కలిపే యంత్రం గాలి కదిలినప్పుడే పనిచేస్తుంది. తలుపులు, కిటికీలు నెలల తరబడి మూసి ఉంటాయి కనుక ఫిల్టర్ గుండా గాలి ఎంత తిరిగితే దుమ్ము అంత తగ్గుతుంది. తడి కాయిల్ అన్నది చలికాలంలో ఉండదు, కనుక ఇంజనీరు గారు చెప్పిన నష్టం అక్కడ ఆ కాలంలో లేదు. కొన్ని థర్మోస్టాట్లలో ‘సర్క్యులేట్’ అని మూడో ఎంపిక కూడా ఉంటుంది, అది గంటలో కొన్ని నిమిషాలు మాత్రమే ఫ్యాన్‌ను తిప్పుతుంది.

మన విశాఖలో ఇంటిని వేడి చేసుకోవలసిన అవసరమే రాదు. లంబసింగిలోనో అరకులోనో రాత్రి గడపవలసి వస్తే గదిలో ఒక చిన్న హీటరు పెట్టుకుంటాము, అంతే. కాబట్టి వారి చలికాలపు అలవాటును మన వానాకాలానికి తెచ్చుకోకూడదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు (మధురవాడ)

అందరికీ ధన్యవాదాలు. బాబాయిగారు చెప్పినట్టే నాలుగు రాత్రులు కొలిచాను. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా, 25 డిగ్రీల మీద. ‘ఆన్’లో మొదటి రాత్రి బకెట్టులో నాలుగు లీటర్లు, రెండో రాత్రి నాలుగున్నర లీటర్లు వచ్చాయి. ఉదయం మీటరులో తేమ రెండు రోజులూ 70 శాతం దాటే ఉంది. ‘ఆటో’లో మూడో రాత్రి ఏడు లీటర్లు వచ్చాయి. నాలుగో రాత్రి వాన కురిసినా ఆరున్నర లీటర్లు వచ్చాయి, తేమ 58కి దిగింది. పొద్దున్నే బాల్కనీలో కూర్చుని కొలపాత్రతో ఆ నీటిని కొలుస్తుంటే, ఇంత నీరు రెండు వానాకాలాలుగా మా గదుల్లోనే తిరుగుతోందా అనిపించింది. అత్తయ్యగారు ఆ రెండు రాత్రులూ లేవలేదు.

అయితే పెదవాల్తేరు వారు చెప్పిన ఇబ్బంది మాకు మొదలయింది. ఫ్యాన్ ఆగగానే పైన పిల్లల గది వేడెక్కుతోంది, థర్మోస్టాట్ కింద ఉండటం వల్ల దానికి ఆ సంగతి తెలియడం లేదు. ఇంకొక సందేహం, ‘ఆటో’లో పెట్టినా కంప్రెసర్ ఆగాక ఫ్యాన్ నిమిషంన్నర దాకా తిరుగుతూనే ఉంది. ఇది సహజమేనా?

సమాధానం (గాజువాక నుంచి, విశ్రాంత శీతలీకరణ ఇంజనీరు)

చాలా చక్కగా కొలిచారమ్మా. ఆ నిమిషంన్నర సంగతి ముందు చెబుతాను. కాయిల్‌లో మిగిలిన చల్లదనం వృథా కాకూడదని కంపెనీలు ఆ ఆలస్యాన్ని పెడతాయి. పొడి వాతావరణం ఉన్న ఊళ్ళలో అది మేలే. మన దగ్గర ఆ నిమిషంన్నరలో కాయిల్ మీది తడి కొంత తిరిగి గదుల్లోకి వస్తుంది. చాలా యంత్రాల్లో దాన్ని తగ్గించే వీలుంటుంది. ఈసారి సర్వీసుకు వచ్చిన మనిషిని అడిగి సున్నాకో, కుదిరినంత తక్కువకో దించమనండి. మీరే మూత విప్పవద్దు, లోపల కరెంటు ఉంటుంది.

పై గది వేడికి ఫ్యాన్‌ను ‘ఆన్’ చేయడం అసలు మందు కాదు. ఫాల్స్ సీలింగ్ లోపల పైకి పోయే డక్టుకు గాలిని తగ్గించి పెంచే తలుపు, డ్యాంపర్ అంటారు, ఉండి ఉంటుంది. కింది హాలుకు పోయేదాన్ని కొంత మూసి పైదాన్ని పూర్తిగా తెరిపించండి. అదే సమయంలో డక్టు అతుకులు కూడా చూపించండి. గాలిని వెనక్కి లాగే డక్టులో సందు ఉంటే, పైకప్పు కింద ఉన్న వేడి తేమగాలిని అది పీల్చుకుంటుంది, అటువంటి ఇంట్లో ఫ్యాన్ ‘ఆన్’లో ఉంటే నష్టం రెట్టింపు. పిల్లల గదిలో సీలింగ్ ఫ్యాన్ మెల్లగా వేయండి. గదిలోని గాలిని కదిపే ఫ్యాన్ వేరు, తడి కాయిల్ మీదుగా గాలిని తోసే ఫ్యాన్ వేరు. మొదటిది తిరుగుతుంటే థర్మోస్టాట్‌ను 25 నుంచి 26కో 27కో పెంచినా ఒంటికి తేడా తెలియదు. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది.

సమాధానం (ఎంవీపీ కాలనీ నుంచి)

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించాలి. మాది మామూలు స్ప్లిట్ ఏసీ. రిమోట్‌లో ఫ్యాన్ ఎప్పుడూ ‘ఆటో’లోనే ఉంచుతాము. అయినా వానాకాలంలో అదే తడి వాసన వస్తోంది. ‘ఆటో’ మంచిదని మీరు అంటున్నారు కదా?

సమాధానం (గాజువాక నుంచి, విశ్రాంత శీతలీకరణ ఇంజనీరు)

అడగడం మంచిదయింది, ఎందుకంటే ఈ రెండు ‘ఆటో’లూ ఒకటి కావు. గోడ థర్మోస్టాట్ మీద ‘ఆటో’ అంటే కంప్రెసర్‌తో పాటు ఫ్యాన్ కూడా ఆగుతుందని అర్థం. స్ప్లిట్ ఏసీ రిమోట్ మీద ‘ఆటో’ అంటే ఫ్యాన్ వేగాన్ని యంత్రమే ఎంచుకుంటుందని అర్థం, ఆగుతుందని కాదు. కూల్ మోడ్‌లో చాలా స్ప్లిట్ ఏసీల లోపలి ఫ్యాన్, కంప్రెసర్ ఆగినా గది వేడిని చూసుకుంటూ ఉండటానికి తిరుగుతూనే ఉంటుంది. అంటే మీ రిమోట్‌లోని ‘ఆటో’ వీరి థర్మోస్టాట్‌లోని ‘ఆన్’ వంటిదే.

వానాకాలం రాత్రిళ్ళు ఫ్యాన్ వేగాన్ని ‘లో’లో పెట్టండి. గాలి మెల్లగా పోతే కాయిల్ ఇంకా చల్లబడి ఎక్కువ నీటిని పట్టుకుంటుంది. ఎండ లేని జడివాన రోజుల్లో ‘డ్రై’ మోడ్ వాడండి. అందులో ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది, యంత్రం తేమ తీయడానికే నడుస్తుంది. మే మధ్యాహ్నానికి ‘డ్రై’ సరిపోదు, గది చల్లబడదు. ఫిల్టర్లకు దుమ్ము పట్టి ఉండగా ‘లో’లో నడిపితే కాయిల్ మీద మంచు కడుతుంది, కనుక రెండు వారాలకొకసారి ఫిల్టర్లు కడిగి, నీడన ఆరబెట్టి పెట్టండి. అయినా వాసన పోకపోతే కాయిల్‌కూ నీటి తొట్టెకూ పాకుడు పట్టి ఉంటుంది, దానికి సర్వీసు చేయించడమే మార్గం.

కొత్త ఏసీ కొనేవారు గది కొలత కంటే పెద్దది కొనకండి. అవసరానికి మించిన యంత్రం గదిని త్వరగా చల్లబరచి ఆగిపోతుంది, తేమ తీసే సమయమే దానికి చిక్కదు. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలు వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతున్నాయి. జిగటగా ఉందని దాన్ని 20కి దించేవారిని చాలామందిని చూశాను. అలా చేస్తే చలి వేస్తుంది తప్ప జిగట పూర్తిగా పోదు.

ప్రశ్న అడిగినవారు (మధురవాడ)

బాబాయిగారూ, ఈ రోజు సర్వీసు మనిషి వచ్చి ఆ ఆలస్యాన్ని తగ్గించాడు, పై డక్టు తలుపు పూర్తిగా తెరిచాడు. పిల్లల గదికీ హాలుకూ తేడా ఇప్పుడు డిగ్రీన్నరే ఉంది. చివరిగా ఒక మాట. వచ్చే వేసవిలో మధ్యాహ్నాలు మళ్ళీ ‘ఆన్’లో పెట్టుకోవచ్చా, లేక ఇక దాన్ని ముట్టుకోకూడదా?

సమాధానం (గాజువాక నుంచి, విశ్రాంత శీతలీకరణ ఇంజనీరు)

పెట్టుకోవచ్చమ్మా. ఏప్రిల్, మే నెలల్లో పన్నెండు నుంచి నాలుగింటి దాకా మీ కంప్రెసర్ ఆగేదే తక్కువ కనుక ఆ వేళలో ‘ఆన్’ వల్ల తేమ బెడద ఉండదు, పై గదికి కొంత మేలు కూడా. సాయంత్రం గాలి తిరిగే వేళకు గుర్తు పెట్టుకుని ‘ఆటో’కు మార్చండి. మొదటి వాన పడ్డ రోజు నుంచి కార్తీకం వెళ్ళేదాకా మాత్రం ‘ఆటో’ నుంచి కదపవద్దు. ఆ తేమ మీటరును అక్కడే ఉంచి, 60 శాతం దాటినప్పుడల్లా ముందు ఫిల్టరునూ డ్రెయిన్ పైపునూ చూసుకోండి.